చీనా వడ్ల సంచుల మీది రాత

ఎల్లారెడ్డికి అవతల, నిజాంసాగర్ కాలువ పక్కన సర్కారీ వరి విత్తనాల ఫారం ఒకటి ఉండేది. పందొమ్మిది వందల ముప్పై ఆరు ఎండాకాలంలో ఆ ఫారానికి ఒక చెక్కపెట్టె వచ్చింది. మేకులు పీకి చూస్తే లోపల పదకొండు గుడ్డసంచులు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు దోసిళ్ల వడ్లు. ప్రతి సంచికీ పసుప్పచ్చటి పల్చని కాగితం ఒకటి కుట్టి ఉంది. కాగితం మీద నల్ల సిరాతో పైనుంచి కిందికి ఏవో గుర్తులు.

సూపరింటెండెంటు సాబు కళ్లద్దాలు సర్దుకుని ఒక సంచి ఇటూ అటూ తిప్పి చూశారు. "చీనా రాత ఇది. మనకెందుకు? వడ్లు డబ్బాల్లో పోసి నంబర్లు వెయ్యండి. కాగితాలు పొయ్యిలో పడెయ్యండి" అని ఉర్దూలో చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

గోదాం చూసుకునే యాకూబు కాగితాలన్నీ పీకి ఉండ చుట్టబోతుంటే హన్మంతు అడ్డం వచ్చాడు.

"భాయ్, అవి నాకియ్యరాదు?"

"ఏం జేసుకుంటవ్? సదువొస్తదా నీకు?"

"రాదు. గందుకే అడుగుతున్న."

యాకూబు నవ్వి కాగితాలు అతని చేతిలో పెట్టాడు. ఏది ఏ సంచిదో మరవకముందే హన్మంతు వాటి వెనక నంబర్లు వేసుకున్నాడు.

హన్మంతుకు అప్పటికి ఇరవై రెండేళ్లు. మహమ్మద్‌నగర్ రైతు కిష్టయ్యకు ఒక్కడే కొడుకు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, పశువుల సంతలో మరాఠీ, నిజామాబాదులో మెట్రిక్ చదివినప్పుడు ఇంగ్లీషు. మెట్రిక్ అయ్యాక కచేరీలో నౌకరీ దొరుకుతుందని తండ్రి ఆశపడ్డాడు. కొడుకు మాత్రం విత్తనాల ఫారంలో మడులు చూసే పని వెతుక్కుని చేరాడు. "సదువుకుని మళ్ల బురదల్నే దిగినవ్ గదరా" అని కిష్టయ్య మొదట్లో కొన్నాళ్లు దెప్పాడు. సాగర్ కట్టిన తర్వాత కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఎక్కడ చూసినా కొత్త మడులు, కొత్త గట్లు. ఆ నీళ్లకు ఏ వడ్లు పోస్తే మంచిదో ఎవరికీ ఇంకా సరిగ్గా అంతుపట్టలేదు. హన్మంతుకు అదే ఇష్టమైన సంగతి.

చీనా వడ్లను ఆ వానాకాలమే, అంటే ఆబి పంటలో వేశారు. అరవై రోజులకే వెన్నులు తీశాయి. చుట్టుపక్కల వరి ఇంకా పిలక పెడుతుంటే ఇవి ముసురులో పూతకొచ్చాయి. పువ్వంతా వానకు కొట్టుకుపోయింది. మిగిలిన కాసిని గింజల మీద పిట్టలు వాలాయి. మరుసటేడు మళ్లీ వేస్తే మళ్లీ అంతే అయింది. సాబు తన రిజిస్టరులో "ఈ ప్రాంతానికి పనికిరావు" అని రాసేశారు.

హన్మంతుకు మాత్రం మనసొప్పలేదు. అంత దూరం పంపినవాళ్లు పనికిరాని వడ్లు పంపుతారా? కాగితాల మీద ఏదో చెప్పే ఉంటారు కదా!

చెప్పగల మనిషి ఒకరున్నారని మొదటి పంట పోయినప్పుడే అతనికి గుర్తొచ్చింది. ప్రతి చలికాలం కామారెడ్డికి ఒక చీనా ఆయన సైకిలు మీద పట్టుబట్టల మూటతో వచ్చేవాడు. స్టేషను దగ్గరి ముసాఫిర్‌ఖానాలో దిగి, పది పదిహేను రోజులు చుట్టుపక్కల పటేళ్ల ఇండ్లకు, దేశ్‌ముఖుల గడీలకు తిరిగి అమ్ముకుని పోయేవాడు. అతని పేరు వాంగ్. ఊళ్లలో అందరూ వాంగు సేటు అనేవారు.

పెట్టె వచ్చిన ఏడు చలికాలంలోనే హన్మంతు బస్సెక్కి కామారెడ్డి వెళ్లి ఆయన ముందు కాగితం పరిచాడు. వాంగ్ దాన్ని చాలాసేపు చూశాడు. అతనికి వచ్చిన నాలుగు హిందుస్తానీ ముక్కల్లోనే జవాబు చెప్పాడు.

"నేను బట్టల మనిషిని. నా పేరు, లెక్కలు, బట్టల పేర్లు, అంతవరకే నా చదువు. ఇది చదువుకున్నవాడు రాసింది." తర్వాత ఒక గుర్తు మీద వేలు పెట్టాడు. "ఇది తెలుసు. తియెన్. పొలం."

హన్మంతు వంగి చూశాడు. నాలుగు పక్కలా గీత, లోపల నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. నాలుగు మడులు, మధ్యన గట్లు! ఎవరో ఆకాశం మీది నుంచి తమ కాలువ కింది పొలాన్ని చూసి గీసినట్టు ఉంది.

"సేటూ, నాకు నేర్పుతవా?"

"నేను పంతులును కాదు."

"నువ్వు మాట్లాడితే చాలు. నేను ఇనుకుంట. నీ ఎంబడి ఊర్లు తిరుగుత. ఆడోళ్లకు నీ బట్టల గురించి తెలుగుల నేనే చెప్త."

వాంగ్‌కు ఆ బేరం నచ్చింది. అలా మొదలైంది. హన్మంతు వారం రోజులు సెలవు పెట్టి, సైకిలు పక్కనే నడుస్తూ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఊరూరూ తిరిగాడు. గడప ముందు మూట విప్పినప్పుడల్లా వాంగ్ ఒక మాట అనేవాడు, హన్మంతు పలికేవాడు. వాంగ్ నొసలు చిట్లించేవాడు.

అసలు చిక్కంతా రాగంలో ఉంది. ఆ భాషలో కొనడమన్నా "మాయ్", అమ్మడమన్నా "మాయ్"! గొంతు కిందికి దింపి మళ్లీ పైకి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారి కిందికి వదిలితే అమ్మడం.

"నువ్వు ఇట్లా పలికితే నేను అమ్మడానికి వచ్చి కొనుక్కుపోవాలి" అన్నాడు వాంగ్. ఆయన నవ్వడం హన్మంతు అదే మొదలు చూడటం.

మరుసటి చలికాలం వాంగ్ కలకత్తా నుంచి ఒక నిఘంటువు తెచ్చాడు. ఎవరో పాద్రీలు ఇంగ్లీషులోనూ చీనాలోనూ కూర్చిన లావుపాటి పుస్తకం. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. కానీ ఆ ఏడు వాంగ్ సగమై వచ్చాడు. చీనాలో షాంటుంగ్ అనే సీమలో ఉన్న అతని ఊరిని జపానువాళ్లు పట్టుకున్నారట. తల్లి దగ్గరినుంచి ఉత్తరం లేదు. "పాఠం చెప్తాను, రా. చెప్తుంటే కొంచెం మరుస్తాను" అన్నాడు.

నిఘంటువులో ఒక్క మాట వెతకడమంటే పూటంతా పని. గుర్తులో ఏ ముక్క ముఖ్యమో పట్టుకోవాలి, మిగతా గీతలు లెక్కపెట్టాలి, అప్పుడు ఆ వరసలో వెతకాలి. ఒక గీత తప్పు లెక్కపెడితే మళ్లీ మొదటికి రావాలి. హన్మంతు పొద్దున్నే ఫారానికి పోయేముందు ఒక మాట, మధ్యాహ్నం సద్ది తిన్నాక ఒక మాట వెతికేవాడు. గట్ల మీద నడుస్తూ పైకీ కిందికీ రాగాలు తీసేవాడు. మొదట్లో కూలీలు పిట్టల్ని తోలుతున్నాడనుకున్నారు. పిట్టలు లేని మడి దగ్గర కూడా అరుస్తుంటే వాళ్లకు అనుమానం వచ్చింది. సంగతి మహమ్మద్‌నగర్ దాకా పాకింది. తల్లి గౌరవ్వ, కొడుక్కు ఏదో గాలి సోకిందని వేపమండలతో దిష్టి తీయించింది. హన్మంతు బుద్ధిగా కూర్చుని తీయించుకున్నాడు. లేచి, వేపమండను చీనాలో ఏమంటారో పుస్తకంలో చూడటానికి వెళ్లాడు.

ఇంట్లో అతనికి సాయం చేసింది భార్య రాజమణి. ఆమెకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. కానీ చెవి గట్టిది. బియ్యం చెరుగుతూ ఉంటే హన్మంతు ఎదురుగా కూర్చునేవాడు.

"మాయ్."

"గిది అమ్ముడు."

"మాయ్."

చేట ఆగేది. "ఏంది, సరిగ్గ అను. గిది కొనుడు గాదు, అమ్ముడు గాదు."

ఆమె ఒప్పుకునేదాకా అతను వదిలిపెట్టేవాడు కాదు. వాంగ్ లేని పదకొండు నెలలూ రాజమణే పరీక్ష పెట్టేది.

ముప్పై ఎనిమిదో సంవత్సరం దసరా దాటాక, ఒక మధ్యాహ్నం ఫారం వేపచెట్టు కింద, మూడో నంబరు సంచి కాగితం పూర్తిగా విచ్చుకుంది. తలవంచిన వెన్నులాంటి ముక్క ఉన్న గుర్తు వరి అని అతనికి ముందే తెలుసు. దాని పైన ఉన్నది, సూర్యుడి కింద అడ్డగీత నిలువుగీత, పెందలాడే అని. తొందరగా వచ్చే వరి! కింద మరో వరస: నూరు రోజుల పంట. ఆ కింద: ఏడాది మొదట్లోనే నాటాలి, ఆలస్యం చేయవద్దు. ఇంకో రెండు మాటలు పుస్తకంలో దొరకలేదు. దొరికినవి చాలు.

హన్మంతు పరుగులాంటి నడకతో సాబు గదికి వెళ్లి చెప్పాడు. ఆబిలో వేయడమే పొరపాటనీ, యాసంగిలో, అంటే తాబి పంటలో వేయాలనీ అన్నాడు. సాబు మర్యాదగానే విన్నారు.

"సంచి మీది కాగితాన్ని నమ్మి సర్కారు ఫారం నడవదు హన్మంతూ. రెండేళ్లు చూశాం. కావాలంటే ఆ డబ్బా అడుగున మిగిలినవి నువ్వు తీసుకుపో."

యాకూబు డబ్బా దులిపి రెండు దోసిళ్లు ఇచ్చాడు. ఇక మిగిలింది తండ్రి. కిష్టయ్య ఎడ్లకు నీళ్లు పెడుతుంటే హన్మంతు పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"బాపు, కాలువ కింది మూల మడి ఈ తాబికి నాకియ్యి."

"ఎందుకురా?"

"చీనా వడ్లు పోస్త."

"సర్కారోళ్లకే పండలేదు. నీకు పండుతయా?"

"ఆళ్లు ఆబిల పోసిన్రు. దేర్ చేయొద్దని కాగితం మీద రాసుంది. నేను సదివిన."

"కాగితం మీద ఎవడో ఏదో రాస్తే?"

"ఎవడో గాదు బాపు. పండించినోడు రాసిండు. గాయన సుత మనలెక్క రైతే. ఇంత దూరంల ఉన్నోళ్లకు గీ ముక్క తెల్వాలెనని రాసిండు. ఆ మాట ఎవ్వరు సదువలేదు."

కిష్టయ్య ఎద్దు మెడ నిమిరాడు. "మూల మడి ఇసుక నేల. నడిమి మడి తీసుకో" అన్నాడు చివరికి.

మొదటి ఏడు సగం గింజలు మొలవనే లేదు. మొలిచినవి మాత్రం నూటమూడో రోజుకు బంగారంలా పండాయి. హన్మంతు ఒక్క గింజ తినకుండా విత్తనానికి దాచాడు. రెండో తాబికి కిష్టయ్య ఎవరూ అడగకుండానే ఎకరం ఇచ్చాడు. ఆ ఏడు సాగర్లో నీళ్లు తక్కువై, ఫాల్గుణం వెళ్లకముందే కాలువకు నీళ్లు ఆపేశారు. చుట్టూ పాలు పట్టే వరి నిలువునా ఎండుతుంటే, కిష్టయ్య ఎకరం పంట కోతకొచ్చి కళ్లంలోకి చేరింది. జనం మూడు ఊళ్లనుంచి వచ్చి చూశారు. ప్రతివాడికీ కిష్టయ్య కళ్లంలో నిలబడి చెప్పేవాడు: "మా హన్మంతు చీనా రాత సదివిండు. గందులనే ఉంది గీ ముచ్చట."

సాబు కూడా గుర్రబ్బండి కట్టించుకుని వచ్చారు. వెన్ను ఒకటి తుంచి, అరచేతిలో నలిపి, ఊది, నోట్లో వేసుకున్నారు. "ఆ కాగితాలు కాల్చెయ్యమన్నది నేనే" అన్నారు తర్వాత. "మిగతా పదీ చదివి నాకు రాసివ్వు." వెళ్లి రిజిస్టరులో తన రాత తానే కొట్టేసి, పక్కన హన్మంతు పేరుతో సహా కొత్తగా రాశారు.

అక్కడినుంచి హన్మంతు పట్టు వదల్లేదు. పదకొండు కాగితాలు అయిపోయాక, వాంగ్ తెచ్చిన పాత చీనా పత్రికలు మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల పట్టు రావడం ఆగిపోయి, వాంగ్ కామారెడ్డిలోనే చిన్న కొట్టులో మిల్లుబట్ట అమ్ముతూ స్థిరపడ్డాడు. దాంతో పాఠాలు చలికాలానికి ఆగాల్సిన పని లేకపోయింది. ఆదివారం వస్తే హన్మంతు బస్సులో ఉండేవాడు.

నలభై రెండు చివర్లో ఫారానికి ఒక హుకుం వచ్చింది. చైనాకు కొందరు విద్యార్థుల్ని రెండేళ్ల చదువుకు పంపుతారు, వాళ్లలో ఒకరిని వరి సాగు నేర్చుకోవడానికి తీసుకుంటారు, చీనా భాష కొంత వచ్చి ఉండాలి. సాబు హన్మంతును పిలిపించి, కుర్చీ చూపించి, దరఖాస్తు తానే దగ్గరుండి రాయించారు.

పరీక్ష కలకత్తాలో. వరండాలో అతనితోపాటు కూర్చున్నవాళ్లందరూ బీయేలు, ఎమ్మేలు. హన్మంతు ధోవతీ మీద కోటు వేసుకుని, తలకు రుమాలు చుట్టుకుని వెళ్లాడు. లోపల ఒక ఇంగ్లీషు దొర, ఒక బెంగాలీ ఆచార్యుడు, ఒక ముసలి చీనా పండితుడు ఉన్నారు. పండితుడు కుశలం అడిగాడు. హన్మంతు జవాబు చెప్పాడు. పండితుడు పగలబడి నవ్వాడు.

"నీకీ భాష నేర్పిందెవరు?"

"బట్టలమ్మే వాంగ్ సేటు."

"అదీ సంగతి! కళ్లు మూసుకుంటే షాంటుంగ్ పల్లెలో సంతలో ఉన్నట్టుంది నాకు."

గదిలో అందరూ నవ్వారు. హన్మంతు చెవులు వేడెక్కాయి. పండితుడు ఒక పత్రిక ఇచ్చి చదవమన్నాడు. మంత్రివర్గమో రాజ్యాంగమో, అతనికి తెలియని మాటలే అన్నీ. నాలుగు వరసల్లో ఏడుసార్లు ఆగాడు. ఇక అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు పండితుడు కాగితం మీద రెండు గుర్తులు రాశాడు. "ఇవి రెండూ వరే. తేడా చెప్పగలవా?"

హన్మంతు నిటారుగా కూర్చున్నాడు. మొదటిదాని గింజ సన్నగా పొడుగ్గా ఉంటుందనీ, వండితే పలుకు పలుకుగా విడిపోతుందనీ చెప్పాడు. రెండోదాని గింజ పొట్టిది, గుండ్రనిది, వండితే అంటుకుంటుంది, చలికి ఓర్చుకుంటుంది. ఎప్పుడు నారు పోయాలో, నాట్లకు నీళ్లు ఎంత ఉండాలో, వెన్ను వచ్చేముందు మడి ఎందుకు ఆరబెట్టాలో, అన్నీ వాంగ్ యాసలోనే, మధ్యలో మాట దొరకనిచోట చేతులతో చూపిస్తూ, పావుగంట సేపు చెప్పాడు. పండితుడు నవ్వడం మానేశాడు. కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"నేను చరిత్ర చెప్పేవాణ్ని. డెబ్బై ఏళ్లుగా ఆ అన్నమే తింటున్నాను. ఇందులో సగం నాకు తెలియదు" అన్నాడు లేచి, చెయ్యి చాపుతూ.

మూడు నెలలకు జాబు వచ్చింది. సాబు దాన్ని ఫారం వాకిట్లో, కూలీలందరినీ నిలబెట్టి, నిలబడి చదివారు. యాకూబు హన్మంతును రెండు చేతులతో పైకెత్తేశాడు.

తయారీకి అయిదు నెలలు పట్టింది. కామారెడ్డి దవాఖానాలో సూదులు వేయించుకుని రెండుసార్లు జ్వరపడ్డాడు. పాస్‌పోర్టు కోసం తలకు రుమాలు లేకుండా మొదటిసారి ఫొటో దిగాడు. వెళ్లేచోట చలి ఎక్కువని, లోపల దూది పెట్టి కుట్టిన కోటు కావాలని వాంగ్ చెప్పి, తన దగ్గరున్న ఆఖరి నీలం పట్టు పైగుడ్డకు ఇచ్చాడు. రాజమణి సొంత చేను పత్తిని ఏకి, పరిచి, గళ్లు గళ్లుగా తనే కుట్టింది. ఎక్కడ కుట్టాలో వాంగ్ సుద్దముక్కతో గీతలు గీశాడు.

గౌరవ్వ వారం రోజులు అలిగింది. ఆఖరుకు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"గాడ ఏం తింటవ్ బిడ్డా?"

"అన్నమే అవ్వా. ఆళ్లు సుత అన్నమే తింటరు."

"నిజంగ?"

"మూడు పూటలు."

"గట్లయితే పోయిరా" అంది గౌరవ్వ. కళ్లు తుడుచుకుని ఆవకాయ జాడీ కోసం లేచింది.

రాజమణి ఏడవలేదు. రెండేళ్లంటే ఎన్ని పంటలో వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత పలకా బలపం తెచ్చి, అతను ఉండబోయే చోటి చిరునామా చీనాలో రాసి చూపించమంది. ఇరవై ఒక్క గుర్తులు. పదిహేను రోజులు దిద్ది, చూడకుండా రాయడం నేర్చుకుంది.

"పోస్టుమాస్టరు రాసిస్తడు గద" అన్నాడు హన్మంతు.

"ఎందుకు? ఎల్లారెడ్డి తాలూకల చీనా రాత రాసే ఆడిది నేనొక్కదాన్నే. నా మొగనికి నేనే రాసుకుంట."

నలభై మూడు కార్తీకంలో బయల్దేరే రోజు వచ్చింది. కిష్టయ్య, రాజమణి కామారెడ్డి దాకా తోడు వచ్చారు. బస్సులో కిష్టయ్య కూర్చోనే లేదు. ఎక్కినవాళ్లందరికీ కొడుకును చూపించి, "చీనా బాస మాట్లాడుతడు, ఇనుండ్రి. రా హన్మంతు, ఒక్క ముక్క అను" అన్నాడు. వేరే రోజైతే హన్మంతు సిగ్గుతో కిటికీ వైపు తిరిగేవాడు. ఆ రోజు తండ్రి అడిగిన ప్రతిసారీ పలికాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది.

స్టేషనులో వాంగ్ కొట్టు మూసుకుని వచ్చి నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. హన్మంతు గురువుకు వంగి మొక్కబోతే భుజాలు పట్టుకుని లేపాడు.

"నాకంటే ముందు నువ్వు పోతున్నావు" అన్నాడు తన భాషలో. "అక్కడ ఎవరైనా నీ యాస విని నవ్వితే, నా పేరు చెప్పు. షాంటుంగ్ వాంగ్ నేర్పాడని గట్టిగా చెప్పు."

"చెప్పే వచ్చిన సేటూ, కలకత్తలనే" అన్నాడు హన్మంతు. వాంగ్ నవ్వుతూ అతని భుజం తట్టాడు.

రైలు వచ్చింది. రాజమణి కోటు మూట కిటికీలోంచి అందించి, "చలి వెట్టకముందే తొడుక్కో" అంది. కిష్టయ్య మాత్రం పెట్టెలో ఉన్నవాళ్లతో ఏదో చెప్పబోయాడు గానీ, అప్పుడే బండి కదిలింది.

కామారెడ్డి వెనక్కి జరిగిపోయాక, ఎదురుగా కూర్చున్న ముసలాయన బీడీ ఆర్పి అడిగాడు.

"ఏడికి పోతున్నవ్ పటేలా? సికింద్రాబాదుకా?"

హన్మంతు కలకత్తా అనబోయాడు. ఎందుకో ఆగి, నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు.

"చైనాకు పోతున్న. సదువుకోనీకి."

ముసలాయన అతన్ని పైనుంచి కింది దాకా చూసి, పక్కవాళ్లను మోచేత్తో నెట్టి, హన్మంతు కాళ్లు చాపుకోవడానికి చోటు చేయించాడు.